క్రిస్మస్ సోమవారం పడ్డ ఏడాది

డిసెంబరు వచ్చిందంటే మా నార్త్‌డేల్ రోడ్ల పక్కన లిచీ పండ్లు వస్తాయి. ఆకులతో సహా గుత్తులు కట్టి, వ్యాన్ల వెనక తలుపు తెరిచి అమ్ముతారు. మొన్న ఒక గుత్తి కొని, ఇంటికి చేరేదాకా ఆగలేక బస్ స్టాపులోనే ఒక పండు ఒలిచాను. గరుకు తొక్క పగిలి రసం మణికట్టు దాకా కారింది. ఆ వాసన తగలగానే ఒంట్లో ఒక తొందర పుట్టింది. గుండిగలు ఎవరిని అడగాలి, కుర్చీలు ఎన్ని తేవాలి, బంగాళాదుంపలు ముందురోజే ఒలవాలా అని మనసు తనంతట తానే పనిలో పడింది. ఈసారి క్రిస్మస్ విందు మా ఇంట్లో కాదు. అయినా లిచీ వాసన వస్తే నాకు అంతే. గంగమ్మ అవ్వ పక్కింటి కంచె మీదుగా తల పెట్టి, "ఓలమ్మో, ఇంకా నిలబడే వుంది నువ్?" అని కేకేసినట్టే ఉంటుంది.

మాది విజయనగరం వైపు ఒక పల్లె. మా తమ్ముడు సూరి డాక్టరు. ఈ దేశంలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి కలిసి ఓట్లు వేసిన మరుసటి ఏడాది వాడికి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే కాబట్టి నన్నూ వెంట తెచ్చుకున్నాడు. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. బడి ముఖం చూడలేదు. చిన్న వయసులోనే భర్త పోవడంతో మా ఊళ్లో ఏ శుభకార్యం జరిగినా నా చోటు పెరట్లో, అంట్ల దగ్గర. వచ్చేవాళ్లకు ఎదురెళ్లి 'రండి' అనే పని ఒక్కనాడూ నాకు రాలేదు.

వచ్చిన వారంలోనే అవ్వ పరిచయమైంది. బట్టలు ఆరేస్తుంటే మబ్బు కమ్మింది. "ఇదేటి, పొద్దున్నే ఈ వానేటి" అని నాలో నేను సణుక్కున్నాను. కంచె అవతల ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది. ఒక పొట్టి ముసలామె, పూల గౌను మీద ఏప్రన్ కట్టుకుని, కంచె పట్టుకుని నిలబడింది.

"ఎవరు? ఏటి అని అన్నది ఎవరు?"

"నేనేనమ్మా."

"మా నాయనమ్మ అట్లా అనేది, ఏటి, ఏటి అని. ఆమె చచ్చిపోయి యాభై ఏళ్ళు అయింది. మళ్ళీ ఇప్పుడు విన్నా." కింద పడ్డ గిన్నె తీసి, "నన్ను అమ్మా కాదు, అవ్వా అను. రోడ్డంతా అవ్వా అంటుంది. కూకో, బీన్స్ కూర తెస్తా," అని లోపలికి వెళ్లింది.

ఆమె తాతలు చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఆమె తెలుగు ముక్కలు ముక్కలుగా ఉండేది. మధ్యలో ఇంగ్లీషు, కోపం వస్తే జూలూ. కానీ ఆ ముక్కల్లో మా ఊరి మాటలు ఉండేవి. నాకు అదే చాలనిపించింది.

దీపావళి అయిన వారానికి ఒకరోజు అవ్వ మా వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడి, "ఈసారి క్రిస్మస్ మీ ఇంట్లో," అంది.

"మనం క్రిస్టియన్లం కాదు కదా అవ్వా?"

"నో మా. షూ ఫ్యాక్టరీ మూసింది, స్కూల్ మూసింది, జోబర్గ్ సిటీలో పని చేసే పిల్లలందరూ ఇంటికి వచ్చింది. ఇంక తినక ఏం చేస్తాది? ఇరవై ఏళ్ళు నా ఇంట్లో చేసినా. నువ్ కొత్త. రోడ్డు నిన్ను చూడాల. నువ్వే డోర్‌లో నిలబడి రా రా అనాల."

"నాలాంటిది గుమ్మంలో నిలబడకూడదు అవ్వా. ముత్తైదువలు ఉండాలి."

"నేనూ విడోనే. ఇరవై ఏళ్ళు డోర్‌లో నేనే నిలబడ్డా. తిని ఎవరన్నా చచ్చిందా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. గుమ్మం ముందు చాప దులిపాను, మళ్లీ దులిపాను. సూరి రాగానే చెప్పాను. వాడు ఆసుపత్రి వాళ్లను కూడా పిలుద్దామన్నాడు. చూస్తుండగానే లెక్క డెబ్బై దాటింది.

మర్నాడు అవ్వ ఒక పుస్తకం తెచ్చింది. అట్ట కట్టిన పెద్ద నోటుబుక్కు, ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఉంది. రోడ్డు మీద ప్రతి ఇంటికీ ఒక పేజీ. ఎవరు ఏం తింటారు, ఏం ముట్టరు, ఎవరింట్లో చావు జరిగి ఏడాది నిండలేదు, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదు, అన్నీ అందులో ఉన్నాయి. మొత్తం తెలుగు అక్షరాల్లోనే. చెరుకు తోటలో ఆదివారాలు రేకుల షెడ్డులో ఆమె నాన్న నేర్పిన అక్షరాలు. ఎందుకు తెలుగులో రాశావని అడిగితే, "ఇంగ్లీషులో రాస్తే నా కోడలు చదువుతాది. చదివితే వార్," అంది. ఆ రోడ్డు మీద ఆ అక్షరాలు తెలిసినవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. అందుకే రోడ్డు గుట్టంతా అందులో భద్రంగా ఉంది.

"నా అద్దాలు బ్రేక్ అయింది," అంటూ పుస్తకం నా ముందుకు తోసింది. "నువ్ ఇండియావాళ్ళు. నువ్ చదువు."

ఇండియా నుంచి వచ్చిన మనిషికి చదువు రాదన్న ఊహే ఆమెకు లేదు. తెలుగు దేశం నుంచి వచ్చాక తెలుగు చదవడం గాలి పీల్చినట్టే అనుకుంది. నాకు రాదని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కానీ గుమ్మంలో నిలబడబోయే మనిషిని, ఆ మాట నోటిదాకా రాలేదు. పేజీలు తిప్పాను. వేలు పెట్టి వరుసల మీద జరిపాను.

"క్రిస్మస్ మండే వచ్చింది," అంది అవ్వ. "మండే ఫాస్టింగ్ వాళ్ళు ఎంతమంది వుంది, చూడు." ఇక్కడ ఫాస్టింగ్ అంటే ఆ రోజు మాంసం ముట్టరు.

నేను ఇంకో రెండు పేజీలు తిప్పి, "ఎవరూ లేరు అవ్వా," అన్నాను.

"ఎవరూ లేదా? హాయిబో. మునుపు చాలామంది వుండేది." కాసేపు ఆలోచించి, "సరే, ముసలైంది అందరూ, వదిలేసింది. మంచిదే. నాలుగు గుండిగలూ మటన్ పెడదాం."

రెండు వారాలు హుషారుగా గడిచాయి. పిలుపులు వెళ్లాయి. గుండిగలకు, గరిటెలకు మాట అయింది. ఎదురింటి రాజు మటన్ బాధ్యత తానే తీసుకున్నాడు. అతను బస్సు డ్రైవరు, నోరు ఊరుకోని మనిషి. ఒక సాయంత్రం మూలింటి పుష్పా పిళ్ళై మా గేటు దగ్గర ఆగింది. వాళ్లు తమిళులు. నాతో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషులో అవ్వ దగ్గర ఏరుకున్న తెలుగు కలిపేది. ఎనిమిది నెలల్లో నా చెవికీ ఆ కలగలుపు అలవాటైంది.

"ఆంటీ, మండే మేము వస్తాం, కానీ ఏమీ తినం, ఓకే? ఊరికే కూల్‌డ్రింక్. మాకు మండే ఫాస్టింగ్, మాంసం తగిలిన గరిటె కూడా పనికిరాదు. కుమార్ వాళ్ళు, చెట్టీ వాళ్ళు, పైరోడ్డు నాయుడు వాళ్ళు, అందరికీ మండేనే. ఈ రోడ్డు మీద సగం మండే వాళ్ళమే కదా. అవ్వకి తెలుసు."

తను నొచ్చుకోలేదు. నవ్వుతూనే చెప్పింది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నా మొదటి విందుకు సగం రోడ్డు వచ్చి, చేతిలో గ్లాసుతో కూర్చుని, ఖాళీ విస్తరి చూసి వెళ్లిపోతుంది. తప్పు అవ్వ మీద పడుతుంది. ఇరవై ఏళ్లలో ఆమె అలాంటి తప్పు ఒక్కటీ చేయలేదు.

నేరుగా అవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె వెల్లుల్లి ఒలుస్తోంది. పుస్తకం బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాను. "అవ్వా, నాకు చదవడం రాదు. ఒక్క అక్షరం కూడా రాదు. ఆ రోజు అబద్ధం చెప్పాను."

వెల్లుల్లి ఒలిచే చేయి ఆగింది. తిడుతుందని ఎదురుచూశాను. ఆమె ఒలిచిన రెబ్బను పళ్లెంలో వేసింది.

"నా అద్దాలు బ్రేక్ అవలేదు. కళ్ళే బ్రేక్ అయింది. నీ మొహం నాకు మబ్బులాగ వుంది. పుస్తకం అసలే కనపడదు. కొడుకుకి తెలిస్తే జోబర్గ్ తీస్కపోతాడు, ఫ్లాట్‌లో పెడతాడు. అందుకే చెప్పలేదు."

ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు. కళ్లు లేని ఆమె, చదువు లేని నేను, మధ్యలో ఎవరూ చదవలేని పుస్తకం. అవ్వ ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంటూ, "డెబ్బైమంది వస్తుంది. ఓలమ్మో, డెబ్బైమంది," అని మళ్లీ నవ్వింది.

మర్నాటి నుంచి చదువు మొదలైంది. అ ఆలు నేర్పుతుందనుకున్నాను. "అది టైమ్ వున్న పిల్లలకి. మనకి ఆరు వారాలు కూడా లేదు. సో తో మొదలు," అంది. సోమవారం ఉపవాసం ఉండే ఇంటి పేరు పక్కన ఆమె 'సో' అని రాసేది. మంగళవారానికి 'మం', శుక్రవారానికి 'శు'. నేను రాసింది ఆమెకు కనపడదు కాబట్టి, జంతికల పిండి తాడులా పేని బల్ల మీద అక్షరం చేయాలి. ఆమె వేళ్లతో తడిమి చూసేది. "ఇది స కాదు, పాము," అని చెరిపేసేది. మళ్లీ చేసేదాన్ని. సరిగ్గా వస్తే, జూలూలో అవును అన్నట్టు "యెబో," అని దాన్నలాగే తీసి నూనెలో వేసేది.

ఒక సాయంత్రం సూరి పళ్లెంలోంచి ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కా, ఈ జంతిక ఏంటి, అచ్చం 'శు'లా ఉంది?"

"తిను ముందు," అన్నాను. వాడు శుక్రవారాన్ని రెండు ముక్కలు చేసి నమిలేశాడు. వాణ్ణి డాక్టరు చేసిన అక్క అక్షరం వాడు మొదటిసారి చదివాడు.

మూడు అక్షరాలు వచ్చాక పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్క 'సో' కోసం వెతికాను. పప్పులో రాళ్లు ఏరినట్టు. పద్నాలుగు ఇళ్లు దొరికాయి. దొరికిన ప్రతిసారీ గట్టిగా "ఇక్కడ!" అని అరిచేదాన్ని. అవ్వ అక్షరాల ఆకారాలు నా నోట చెప్పించుకుని ఆ ఇంటి పేరు తేల్చేది. అలా పేర్లతోనే మిగతా అక్షరాలు ఒక్కొక్కటీ వచ్చాయి. పిళ్ళై ఇచ్చిన 'ప', చెట్టి ఇచ్చిన 'చ'. ఒక పేజీలో పేరుకు బదులు 'గొడుగు' అని ఉంది. ఓటు వేసిన రోజు క్యూలో అవ్వకు గొడుగు పట్టిన జూలూ ఆమెట. పేరు థోకో. పోయిన ఏడాది క్రిస్మస్‌కూ వచ్చిందట. కింద, 'అన్నీ తింటాది, చేప వద్దు' అని రాసి ఉంది.

నాలుగు గుండిగల్లో రెండు సోమవారం వాళ్లకు తిప్పాం. రెండు పొయ్యిలు. ముందువైపు కూరగాయల బిర్యానీ, వెనకవైపు మటన్. గుండిగలు నాలుగూ కమ్యూనిటీ హాలు నుంచి తెచ్చినవి, ఒకే అచ్చు. మూతలకు పిండి పూసి మూసేశాక ఏది ఏదో దేవుడికి కూడా తెలియదు. అవ్వకు ఎలాగూ కనపడదు. అందుకే మూత మీద పిండితోనే అక్షరం పెడదామన్నాను. కూరగాయల వాటికి 'సో', మటన్ వాటికి మేక అని 'మే'. వేడికి అవి రాయిలా గట్టిపడ్డాయి. అవ్వ వేలితో తడిమి, "ఇప్పుడు నాకి కళ్ళు వచ్చింది," అంది.

అన్ని కూరగాయలు చూసి రాజు ఊరుకోలేదు. "ఏం ఆంటీ, ఇది క్రిస్మసా, ఎవరిదన్నా పదహారో రోజా?" ఇక్కడ చనిపోయినవారి పదహారో రోజున మాంసం వండరు.

"నీదే చేస్తా, నిలబడు," అంది అవ్వ.

ఆ సోమవారం నేను కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మొదట వచ్చింది థోకో, వెనక ఆమె అక్కచెల్లెళ్లు ఐదుగురు. "రండి, రండి" అన్నాను. ఆ మాట అనడం అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. తర్వాత నర్సులు, డాక్టర్లు, రోడ్డంతా. పిల్లలు కాగితం టోపీలు పెట్టుకుని ఇల్లంతా తిరిగారు. మా వాకిలి ఒక్క క్షణం ఖాళీగా లేదు. పుష్ప వస్తే, "మీకు ముందు పొయ్యి," అని చెవిలో చెప్పాను. ఆమె కళ్లు పెద్దవి చేసి, "మండేకా? మాకోసం వేరేగానా?" అంది.

రెండు పొయ్యిల దగ్గరా ఒక్కొక్క గుండిగ తెరిచి వడ్డన మొదలుపెట్టాం. అప్పుడే వాన దిగింది. పీటర్‌మారిట్జ్‌బర్గ్ డిసెంబరు వాన చెప్పి రాదు. ఉరుము, వెంటనే కుండపోత. మగవాళ్లు కేకలు వేస్తూ గుండిగలు ఎత్తి గ్యారేజీలోకి పరిగెత్తారు. ఎవరో గరిటెలు పట్టుకున్నారు, ఎవరో మూతలు. వాన హోరులో అందరం గ్యారేజీలో ఒకరిమీద ఒకరం పడి నవ్వుకుంటుంటే, మధ్యలో నాలుగు గుండిగలు పక్కపక్కనే ఉన్నాయి.

నవ్వు తగ్గాక పుష్ప ఖాళీ పళ్లెంతో నిలబడింది. "ఆంటీ, మాది ఏది?"

మూత తీయనివి రెండు. ఒంగి చూశాను. తడిసిన పిండి అంచులు మెత్తబడ్డాయి కానీ అక్షరాలు నిలిచాయి. "ఇది మే," అని గట్టిగా చదివాను. "ఇది సో." అవ్వ ముందుకు వచ్చి వేలితో తడిమి, "సో," అంది. నా జీవితంలో పదిమంది ముందు మొదటిసారి చదివింది ఆ రెండు అక్షరాలే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరికీ ఏమీ తెలియదు. నాకు మాత్రం చెవుల్లో డప్పులు మోగాయి.

తెరిచిన కూరగాయల గుండిగ దగ్గరే వచ్చింది చిక్కు. అందులో ఒక గరిటె గుచ్చి ఉంది. రెండు పొయ్యిల గరిటెలూ ఒకే రకం. "ఇది కరెక్ట్ గరిటే ఆంటీ," అన్నాడు రాజు. "ఐ థింక్. పరిగెత్తేటప్పుడు నేనే వేశా."

పద్నాలుగు ఇళ్ల వాళ్లు నా ముఖం చూస్తున్నారు. అది శుభ్రమే అని ఒక్క మాట అంటే అందరూ తినేస్తారు. ఎవరికీ తెలియదు కూడా. ఆ గుండిగ పక్కన పెడితే సగంమందికి ఒక్క గుండిగే మిగులుతుంది. నా గుమ్మంలోకి పిలిచిన వాళ్లకు కడుపునిండా పెట్టలేని దాన్నవుతాను.

"నాకు తెలియదు," అన్నాను. "ఇది సోమవారం వాళ్లకు పెట్టను."

గుండిగను మటన్ వైపు జరిపాను. పుష్ప ముందుకు వచ్చి పళ్లెం చాచింది. "సోమవారం నేను బయట ఎక్కడా తినను ఆంటీ. అందరూ శుభ్రమే, శుభ్రమే అంటారు. నాకు నమ్మకం కుదరదు. తెలియదు అని చెప్పే ఇంట్లో తింటాను. కొంచెమే పెట్టండి, అందరికీ రావాలి."

తర్వాత చెట్టి గారి భార్య గొడుగు తీసుకుని, "మా ఇంట్లో పొద్దున వండిన పప్పు ఉంది," అంటూ వానలోకి వెళ్లింది. సోమవారం వాళ్లందరి ఇళ్లలోనూ ఏదో ఒకటి ఉంది. ఒకరి తర్వాత ఒకరు పరిగెత్తారు. పులిహోర వచ్చింది, గుమ్మడికాయ కూర వచ్చింది, రొట్టెలు, మామిడికాయ పచ్చడి. థోకో ఒక గొడుగు పట్టుకుని ఇంటింటికీ తోడు వెళ్లి, తడిసి ముద్దై, పెద్ద గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. అప్పుడు మొదలైంది అసలు విందు. ఏది ఎవరింటిదో తెలియకుండా కలిసిపోయి, గ్యారేజీలో నిలబడే తిన్నాం. రాజు రెండు గుండిగల్లోంచీ వడ్డించుకుని, "నాకు ఏ వారమూ లేదు, అన్నీ పెట్టండి," అని తిరిగాడు.

వాన వెలిశాక అవ్వ మా తమ్ముణ్ణి చేత్తో తడుముకుంటూ పిలిచింది. "డాక్టర్, నాకి కళ్ళు కనపడదు. నీ అక్క ఒకసారి రాదు అని, ఒకసారి తెలియదు అని చెప్పింది. నేను ఒక్కసారన్నా చెప్పాల కదా." జోబర్గ్ నుంచి వచ్చి పక్కనే ఉన్న ఆమె కొడుకు నోరు తెరిచాడు. సూరి ఆమె గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పి, అది శుక్లమని, తీసేయొచ్చని చెప్పాడు. కొత్త సంవత్సరంలో ఆపరేషన్ అయింది. అవ్వ జోబర్గ్ వెళ్లలేదు. కట్టు విప్పాక ఇంటికొచ్చి మొదట అడిగింది పుస్తకం. నేను కొత్తగా రాసిన పేజీ చూసి, "ఓలమ్మో, ఇది ఎవరు రాసింది? తాగి రాసిందా?" అంది. ఆ రోజు నుంచి అ ఆలు వరుసగా నేర్పింది. ఇంకో తొమ్మిదేళ్లు బతికింది. ఈ మాటలన్నీ ఆమె పెట్టిన అక్షరాలతోనే రాస్తున్నాను.

ఇప్పుడు మన వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చే కొత్త కుటుంబాలు ముందుగా మా ఇంటికే వస్తాయి. ఇక్కడ ఏది ఎలా అని అడుగుతారు. పెద్దదాన్ని కాబట్టి అన్నీ తెలిసుంటాయనుకుంటారు. తెలిసింది చెబుతాను. తెలియనిది వచ్చిందంటే, అది ఎంత చిన్న సంగతైనా, ఎంతమంది ముందైనా, నాకు తెలియదని వెంటనే అనేస్తాను. వాళ్లు ఒక్క క్షణం నా ముఖం చూస్తారు. తర్వాత భుజాలు కిందికి దిగుతాయి, కుర్చీ దగ్గరకు లాక్కుంటారు, తమకు తెలియనివన్నీ ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెడతారు.